లైటు వేస్తే జ్వరం వచ్చే బోటు

ఎల్బీనగర్‌లో బోటు బాగుచేశానని చెబితే మా చుట్టాలు ముందు నా మొహం చూస్తారు, ఆ తర్వాత ఆకాశం చూస్తారు, వాన ఏమైనా గట్టిగా పడిందా అని. వాళ్ల తప్పేమీ లేదు. మా వైపు కాలనీల్లో వానాకాలం వస్తే రోడ్డు మీదికి బోటు దించిన రోజులు ఉన్నాయి. కానీ నేను చెప్పేది ఎండాకాలం సంగతి. నల్లా నీళ్లే రెండు రోజులకోసారి వచ్చే కాలంలో, సాగర్ రోడ్డు పక్కన ఒక రేకుల షెడ్డు కింద, ముప్పై మంది కూర్చునే బోటు ఒకటి చుక్క నీరు లేకుండా నిలబడి ఉంది. దాని డాష్‌బోర్డు కింద తల దూర్చి, కాళ్లు బయటపెట్టి పడుకున్నది నేనే.

ముందు నా సంగతి చెప్పాలి. దిల్‌సుఖ్‌నగర్‌లో బట్టల దుకాణాల వెనక సందులో మాకొక ఆటో ఎలక్ట్రికల్ షాపు ఉంది. ఆటోలకు, ట్రాలీలకు, లారీలకు వైరింగు, సెల్ఫు మోటర్లు, హారన్లు, లైట్లు. షాపు మా నాన్న పెట్టింది. ఎనిమిదో తరగతిలో లెక్కల టీచరు, నీ బుర్రలో బల్బు ఎప్పటికీ వెలగదు అన్నది. అయితే వెలిగే చోటికే పోదాం అని నేను సంచీ తెచ్చి షాపులో పడేశాను. అప్పటి నుంచి అక్కడే. ఇప్పుడు నాన్న లేడు, షాపు నాది.

మా నాన్న పోచంపల్లి వైపు నేతపని ఇంట్లో పుట్టి, మగ్గం వదిలి పట్నం వచ్చినవాడు. మగ్గం వదిలాడు కానీ దారం వదల్లేదు. రంగులో ముంచే ముందు ఏ పోగు ఎక్కడికి పోవాలో తెలియడానికి నూలుకు ముడులు కడతారు కదా, ఆయన అదే అలవాటు వైర్లకు పెట్టాడు. లారీలో ఏ వైరు విప్పినా దానికి ఒక దారం ముడి. ఒక ముడి అంటే లైటు, రెండంటే హారన్, ఎర్ర దారమైతే వచ్చే కరెంటు, నల్ల దారమైతే తిరిగి పోయేది. కాగితం చీటీలు నూనెకు చెడిపోతాయి, ముడి చెడిపోదు. నేనూ అట్లాగే చేస్తాను. మా సందులో మిగతా మేస్త్రీలు దీన్ని చూసి నవ్వుతారు. నవ్వి, వాళ్ల చేతిలో వైర్లు కలగాపులగం అయినప్పుడు నా దగ్గరికే వస్తారు.

ఆ రోజు పొద్దున ఒక కారు వచ్చి షాపు ముందు ఆగింది. దిగినాయన వనస్థలిపురంలో ఉంటాడట. తెల్ల చొక్కా, చేతిలో కళ్లద్దాలు. మాట వినగానే కోస్తా వైపు మనిషని తెలిసింది.

"మేస్త్రీ లేరామ్మా?" అన్నాడు.

"ఉన్నది సార్, చెప్పుండ్రి."

"అంటే, మీవారు?"

"మావారు ముంగటి దుకాణంల చీరెలు మడత పెడుతుండు. మీ బండికి చీర కట్టాల్నంటే పిలుస్త."

ఆయన నవ్వలేదు కానీ కళ్లద్దాలు పెట్టుకుని నన్ను సరిగ్గా చూశాడు. ఆ మాత్రం చాలు. అప్పుడు సంగతి చెప్పాడు. ఆయనకు సాగర్ దారిలో ఒక జలాశయంలో మనుషులను తిప్పే బోటు ఉంది. అడుగున పగులు వచ్చి నీళ్లు ఊరుతుంటే, అతుకు వేయించడానికి లారీ మీద ఎక్కించి ఎల్బీనగర్ షెడ్డుకు తెచ్చాడు. ఆ అతుకు పడింది. అసలు తలనొప్పి వేరే ఉంది. ఇంజిన్ వేడి చూపించే మీటరు ఊరికే ఎర్రగీత దాటుతుంది. దాటగానే బజర్ కూస్తుంది. మీటరు రెండుసార్లు మార్చారు, ఇంజిన్ మీది సెన్సర్ ఒకసారి మార్చారు. కూత మాత్రం మారలేదు.

"మూడుసార్లు నీళ్ల మధ్యలో బోటు ఆపేశాడమ్మా వీడు. మనుషులు హడలిపోయారు. తీరా చూస్తే ఇంజిన్‌కి ఏమీ లేదు. మీరు వచ్చి ఆ బజర్ వైరు కత్తిరించేసి, సూదిని పచ్చగీతలో నిలబెట్టేయండి. చాలు."

"సూదిని నిలబెట్టనీకి నేనెందుకు సార్, గమ్ము డబ్బా సాలు," అన్నాను.

ఆయన వీడు అన్న మనిషి కారు పక్కన నిలబడి ఉన్నాడు. యాభై దాటి ఉంటాయి. మెడలో తువ్వాల, ఎండకు మాడిన చేతులు. బోటు డ్రైవరు. ఆ జలాశయం ఒడ్డున చేపలు పట్టే ఇంట్లో పుట్టినవాడని తర్వాత తెలిసింది. అప్పటిదాకా నేల చూస్తున్నవాడు తలెత్తాడు.

"కూత బందు జేస్తే నేను నడపను సార్. ముప్పై మంది కూసుంటరు."

"చూశారుగా," అన్నాడు యజమాని నాతో. "ఇదీ వరస. అందుకే సోమవారం నుంచి వేరే మనిషిని రమ్మన్నాను. గోదావరి మీద ఇరవయ్యేళ్లు నడిపినవాడు. ఆయన ఇలా బజర్లకి భయపడడు."

డ్రైవరు మళ్లీ నేల చూశాడు. ఆ రోజు బుధవారం.

మా పనిలో ఇది రోజూ ఉండేదే. ఆటో అన్న వస్తాడు, అక్కా ఆయిలు లైటు ఊకె వెలుగుతున్నది, పీకెయ్ అంటాడు. పీకడం ఎంత సేపు? కానీ నాన్న దగ్గర ఒకటి నేర్చుకున్నాను. ఎందుకు వెలుగుతుందో తెలిశాక కావాలంటే పీకు, తెలియకముందు పీకకు. బోటుకైనా అంతే. సూది అబద్ధం ఆడుతోందని యజమాని అంటున్నాడు, నిజమేమో అని డ్రైవరు అనుకుంటున్నాడు. ఎవరూ సూదినైతే అడగలేదు.

"ముందుగాల సూస్త సార్. సూడకుండ కత్తెర పెట్ట," అన్నాను.

షెడ్డులో ఫైబర్ పని చేస్తారు. పార్కుల్లో జారుడుబల్లలు, నీళ్ల ట్యాంకులు, హోటళ్ల ముందు నమస్కారం పెడుతూ నిలబడే ఎలుగుబంట్లు. ఆ ఎలుగుబంట్ల మధ్య బోటు ఇనుప స్టాండు మీద ఉంది. నిచ్చెన వేసుకుని ఎక్కాలి. దుపట్టా నడుముకు చుట్టి ఎక్కుతుంటే రోడ్డు మీద బస్సు కోసం నిలబడ్డ ఒకామె అడిగింది, "అక్కా, గా బోటు ఎటు పోతది?"

"మలక్‌పేట, చాదర్‌ఘాట్ పోతది. ఎక్కుతవా?" అన్నాను. ఆమె నవ్వి, రెండు నిమిషాలు ఆలోచించినట్టే నిలబడింది.

ఇక నా తప్పు చెప్పాలి. అది చెప్పకుండా దాటేస్తే ఈ కథలో నాకు వచ్చే పేరు దొంగపేరు అవుతుంది.

మా పనిలో అన్నిటికంటే ముందు తీసేది టెస్టర్ బల్బు. దాని ఒక కొసకు క్లిప్పు, ఇంకో కొసకు సూది. క్లిప్పును బండి బాడీకి ఎక్కడైనా ఇనుముకు పెడతాం, సూదితో వైరు ముట్టుకుంటాం. కరెంటు ఉంటే బల్బు వెలుగుతుంది. నేను అట్లాగే బోటు కడ్డీకి ఉన్న మెరిసే స్టీలు బోల్టుకు క్లిప్పు పెట్టి, డాష్‌బోర్డు వెనక ఒక్కో వైరు ముట్టుకుంటూ పోయాను. ఒక్కటీ వెలగలేదు. తాళం తిప్పమన్నాను. డ్రైవరు తిప్పాడు. అయినా లేదు. నేను లేచి చేతులు దులుపుకుని పెద్ద డాక్టరులాగా చెప్పాను.

"అన్నా, బ్యాటరీ నుంచి ఇటు కరెంటే వస్తలేదు. మొత్తం వైరింగు సచ్చింది."

డ్రైవరు నా వంక చూశాడు, మీటర్ల వంక చూశాడు. మీటర్లలో దీపాలు చక్కగా వెలుగుతున్నాయి.

"చెల్లె," అన్నాడు మెల్లగా, "గా బోల్టు దేన్ని పట్టుకోని ఉన్నదో జర సూడు."

చూశాను. ఫైబర్‌ను పట్టుకుని ఉంది. బోటంతా ఫైబరే. పక్కనున్న ఎలుగుబంటి ముక్కుకు క్లిప్పు పెట్టినా ఇంతకంటే తేడా ఉండేది కాదు. ఆటోలో, లారీలో బాడీ అంతా ఇనుము. బ్యాటరీ మైనస్ ఆ ఇనుముకు కట్టేసి ఉంటుంది. ఎక్కడ క్లిప్పు పెట్టినా కరెంటు ఇల్లు చేరుతుంది. దాన్నే మేం బాడీ ఎర్తు అంటాం. ఫైబర్ బోటులో అట్లాంటిదేమీ ఉండదు. పోయిన ప్రతి కరెంటు తన సొంత వైరులోనే వెనక్కి రావాలి. ఇరవై ఏళ్ల అలవాటు నా చేతిని ఆ బోల్టు దగ్గరికి లాక్కుపోయింది.

"నీకెట్ల ఎరుక అన్నా?"

"నాకేం ఎరుక లేదు. పోయిన ఏడు ఈ మీటర్లన్ని కొత్తగ బిగించినాయన గూడ గట్లనే పెట్టిండు. వెలగకపాయె, ఒక పూటంత తిట్టుకున్నడు."

నాకు సిగ్గు వచ్చింది, దాని వెనకే ఇంకొకటి వచ్చింది. మళ్లీ డాష్‌బోర్డు కిందికి దూరాను. నేను చేసిన తప్పు ఇంకొక మేస్త్రీ కూడా చేశాడు. నేనైతే క్లిప్పుతో చేశాను. ఆయన మీటర్లు బిగించేటప్పుడు వైరుతోనే చేసి ఉంటే?

చేశాడు. మీటర్ల నుంచి వెనక్కి పోవాల్సిన వైర్లన్నీ ఒక గుత్తిగా మెలేసి, మీటర్లు బిగించిన స్టీలు రేకుకు ఒక బోల్టుతో కట్టేసి ఉన్నాయి. లారీలో అయితే ఇది మొదటి తరగతి పని. ఆ మెలి చూస్తేనే మా సందుల్లో నేర్చిన చెయ్యి అని తెలుస్తోంది. ఇక్కడ ఆ రేకు నుంచి బ్యాటరీకి దారి లేదు. మీటర్లు పనిచేయకపోతే ఆయన ఇంకో చిన్న వైరు తెచ్చి, దాన్ని లైట్ల కరెంటు, అడుగు నీళ్లు తోడే పంపు కరెంటు వెనక్కి పోయే పాత సన్న వైరుకు అతికించాడు. ఆ అతుకు పచ్చబడి చిలుము పట్టింది. అంటే బోటులో కరెంటు మొత్తం తిరిగి బ్యాటరీ ఇంటికి పోవడానికి ఒకటే సందు, అందులోనూ సగం మూసుకుపోయింది. సాయంత్రం మా దిల్‌సుఖ్‌నగర్ సందులో కోచింగు పిల్లలు, చీరెల మూటలు, పానీపూరీ బండి ఒకేసారి వస్తే, మధ్యలో ఇరుక్కున్న పెద్దమనిషి ముఖం ఎట్లా ఎర్రబడుతుంది? ఆ పెద్దమనిషే మన మీటరు.

"అన్నా, ఇది ఎప్పుడెప్పుడు కూస్తది?"

ఆ ప్రశ్న తనను ఇంతవరకు ఎవరూ అడగలేదన్నట్టు ఆయన దగ్గరికి జరిగి కూర్చున్నాడు.

"పొద్దుగాల ట్రిప్పుల ఎన్నడు కూయలే. మాపటీలి లైట్లేసినంక మొదలైతది. అడుగు నీళ్లు తోడే పంపు తిరిగినప్పుడైతే ఇంక జోరు జేస్తది."

"సార్‌కు చెప్పినవా?"

"చెప్పిన. ఇంజిన్ వేడికి, లైటుకు సంబంధమేందిరా, తలకాయ ఉందా అన్నడు."

తలకాయ ఉన్నది ఎవరికో నాకు అక్కడే తెలిసిపోయింది. కానీ తెలిస్తే చాలదు, చూపించాలి. మరునాడు పొద్దున యజమానిని రమ్మన్నాను. రాత్రంతా చల్లబడ్డ ఇంజిన్. ఎవరూ స్టార్టు చేయవద్దని చెప్పాను.

"సార్, ముందు ఇంజిన్ మీద చెయ్యి పెట్టుండ్రి."

"చల్లగా ఉంది. అయితే?"

తాళం ఒక్క మెట్టు తిప్పాను. సూది అడుగున పడుకుని ఉంది. లైట్ల మీట వేశాను. సూది ఒక్క దూకు దూకి మధ్యకు వచ్చింది. ఆయన కళ్లద్దాలు సర్దుకున్నాడు. పంపు మీట వేశాను. సూది ఎర్రగీత దాటింది, బజర్ షెడ్డు ఎగిరిపోయేలా కూసింది. ఎలుగుబంటికి రంగు వేస్తున్నాయన కుంచె కింద పడేసుకున్నాడు.

"ఇప్పుడు పెట్టుండ్రి సార్ చెయ్యి."

పెట్టాడు. తీయలేదు. "చల్లగానే ఉందేమిటిది?"

"మీ ఇంజిన్‌కు లైటేస్తే జ్వరం ఒస్తున్నది సార్. మందు వేయాల్సింది ఇంజిన్‌కు కాదు."

వైర్లు చూపించి, దారి చెప్పాను. ఆయనకు సగం అర్థమైంది. మిగతా సగం అర్థం కానందుకు కొంచెం కోపం వచ్చినట్టుంది. డ్రైవరు వంక మాత్రం చూడలేదు.

రెండు రోజులు పట్టింది. డాష్‌బోర్డు నుంచి బ్యాటరీ మైనస్‌కు లావుపాటి వైరు ఒకటి నేరుగా వేశాను, మీటర్లకు, అలారానికి మాత్రమే. పంపుకు వేరే, లైట్లకు వేరే. పాత వైర్లు ఎండకు వెలిసి అన్నీ ఒకటే బూడిదరంగులో ఉన్నాయి, కాబట్టి ప్రతిదానికీ దారం ముడి కట్టాను. డ్రైవరు పక్కనే కూర్చుని చూశాడు. వేడి మీటరుకు ఒక ముడి, ఆయిలుకు రెండు, డీజిలుకు మూడు అని నేను చెబుతుంటే పెదవుల్లో లెక్కపెట్టుకుంటున్నాడు. సోమవారం పోయే మనిషికి ఈ ముడులు ఎందుకో అనిపించింది. ఆయనకు అట్లా అనిపించినట్టు లేదు.

"చెల్లె, నీ ముడి మంచిగున్నది గని తడిస్తే జారుతది," అన్నాడు చివరికి.

"జారుతదా? మా నాయిన ముడి ఇది. చీరె చినిగినా ముడి ఊడదు."

"చీరె నీళ్లల్ల మునిగి ఉండదు గదా. ఇటియ్యి."

దారం తీసుకుని వల అల్లేటప్పుడు వేసే ముడి వేశాడు. లోపలి నుంచి ఒక చుట్టు ఎక్కువ. దాన్ని నీళ్ల బకెట్‌లో ముంచి నా చేతికిచ్చి లాగమన్నాడు. లాగాను. నా ముడి కూడా ముంచి లాగాను. నాది జారింది. మా నాన్నను తలుచుకుని, క్షమించు నాయినా అని లోపల అనుకుని, అన్ని ముడులూ విప్పి ఆయన ముడితో మళ్లీ కట్టాను. ఇప్పుడు లారీలకు కూడా అదే కడుతున్నాను.

శనివారం యజమాని వచ్చి లైట్లు, పంపు, హారన్ అన్నీ ఒకేసారి వేశాడు. సూది కదల్లేదు. సంతోషపడతాడనుకున్నాను.

"ఇంతకీ అసలు కూస్తుందా అమ్మా ఇది? లేక నోరు నొక్కేశారా?"

మంచి ప్రశ్న. అలారం మౌనంగా ఉంటే బాగుందో చచ్చిందో తెలియదు. దానికి మా దగ్గర ఒక పద్ధతి ఉంది. ఇంజిన్ మీది సెన్సర్ విప్పి, పొడుగు వైరు తగిలించి, నిచ్చెన మీదుగా కిందికి దించి, షెడ్డు ముందున్న టీ బండి దగ్గరికి తీసుకుపోయాను. సెన్సర్ ఒంటికి ఇంకో వైరు చుట్టి ఇంజిన్‌కు కలిపాను, లేకపోతే దాని కరెంటు వెనక్కి పోదు. ఆ పాఠం ఒకసారి నేర్చుకుంటే చాలు.

"అన్నా, ఒక గిన్నెల నీళ్లు మరగబెట్టు."

"దీంతో ఏం చాయ్ అయితదక్కా?" అన్నాడు టీ అన్న, గిన్నెలో ఇత్తడి ముక్క వేలాడుతుంటే చూసి.

"బోటు తాగే చాయ్. చక్కెర ఎయ్యకు."

గిన్నెలో థర్మామీటరు కూడా పెట్టాను. కింద నేను అంకెలు చదువుతుంటే పైన బోటులో డ్రైవరు సూది చూసి చెబుతున్నాడు. నేను అరవై అంటే ఆయన అరవై, నేను ఎనభై అంటే ఆయన ఎనభై. యజమాని మధ్యలో నిలబడి పైకీ కిందికీ తల తిప్పుతున్నాడు. తొంభై ఐదు అన్నాను. పైనుంచి బజర్ జవాబు చెప్పింది. గిన్నె దించగానే మెల్లగా సద్దుమణిగింది. టీ తాగడానికి వచ్చిన ఆటోవాళ్లు ఇద్దరు చప్పట్లు కొట్టారు. ఎందుకు కొట్టారో వాళ్లకు తెలియదు, కానీ నాకు తెలుసు కాబట్టి తీసుకున్నాను.

"బాగుందమ్మా. చాలా బాగా చేశారు," అన్నాడు యజమాని.

"అయితే గీ అన్న ఉంటడా సార్?"

ఆయన గొంతు తగ్గించాడు. "మాట ఇచ్చేశాను కదమ్మా. అయినా ఇది వైరు సంగతి కాదు. వీడికి గుండె లేదు. ఇవాళ బజరంటాడు, రేపు గాలంటాడు. ఆపడానికి ఏదో ఒకటి దొరుకుతుంది."

డ్రైవరు పైనే ఉన్నాడు. వినే ఉంటాడు. కిందికి దిగి సెన్సర్‌ను తువ్వాలతో తుడిచి నా చేతికిచ్చాడు.

ఆదివారం బోటు నీళ్లలోకి దించుతున్నారు. నా పని అయిపోయింది, నేను పోనవసరం లేదు. కానీ వేసిన వైరింగు నీళ్ల మీద చూడకుండా వదలడం నాకు ఇష్టం లేదు. నిజం చెప్పాలంటే, సోమవారం ముందు ఆ మనిషి చేతిలో బోటు సరిగ్గా నడవడం చూడాలనుంది. లారీ వెనక కారులో పోయాను.

నాకు ఈత రాదు. నీళ్లంటే బకెట్‌లోవే తెలుసు. డ్రైవరు నాకు నారింజరంగు జాకెట్టు తొడిగి బిగించాడు.

"ఇది నిజంగ తేలుస్తదా అన్నా?"

"తేలుస్తది. అరిస్తే మాత్రం తేల్చదు, గమ్మున కూసో."

యజమాని, ఆయన, నేను, ముగ్గురమే. ఎండ బాగా ఉంది. ఒడ్డు నుంచి దూరం వచ్చాక పట్టపగలు లైట్లన్నీ వేయించాను, పంపు తిప్పించాను. సూది తన చోట తాను కూర్చుంది. యజమాని తల ఊపాడు. నేను అప్పుడే కొంచెం వెనక్కి వాలి, కాలు మీద కాలు వేసుకున్నాను. లైట్లు ఆపించాను, పంపు ఆపించాను.

జలాశయం మధ్యకు వచ్చాక సూది కదిలింది. ముందు నమ్మలేదు. ఎండ తగిలి అట్లా కనిపిస్తుందేమో అనుకున్నాను. కాదు. మెల్లగా, చీమ గోడ ఎక్కినట్టు ఎక్కుతోంది. కాలు కిందికి దించాను. ఎర్రగీత ముట్టుకుంది. కూసింది.

"మళ్లీ మొదలెట్టింది," అన్నాడు యజమాని. "నేను చెబుతూనే ఉన్నాను. ఆ వైరు లాగేయమ్మా ముందు, ఒడ్డుకెళ్లి మాట్లాడుకుందాం. ఒరేయ్, నువ్వు పోనీ."

డ్రైవరు పోనివ్వలేదు. ఇంజిన్ వేగం తగ్గించేశాడు. నాకు చెవుల నుంచి వేడి వచ్చింది. టీ బండి ముందు చప్పట్లు తీసుకున్నదాన్ని. మల్టీమీటరు తీసి కొత్తగా వేసిన వైరు రెండు కొసల మధ్య చూశాను. సున్నా, అంటే కరెంటు ఎక్కడా ఆగడం లేదు. నా దారి శుభ్రంగా ఉంది. అప్పుడు గుర్తుకు వచ్చింది. అబద్ధమాడేటప్పుడు ఆ సూది మీట వేయగానే దూకేది. ఇప్పుడు దూకలేదు, ఎక్కింది.

"సార్, ఇది అబద్ధం కాదు. ఇంజిన్ నిజంగనే వేడైతున్నది."

నేను ఆ మాట అనేసరికి డ్రైవరు బోటు వెనక భాగానికి వంగి చూస్తున్నాడు. ఇంజిన్‌ను చల్లబరిచిన నీళ్లు పొగగొట్టంలోంచి ధారగా బయటికి రావాలి. ధార లేదు. ఉమ్మినట్టు రెండు చుక్కలు, ఆవిరి. ఆయన ఎవరినీ అడగలేదు. వచ్చి తాళం తిప్పి ఇంజిన్ ఆపేశాడు.

చప్పుడంతా పోయి నీళ్లు బోటుకు తగిలే శబ్దం ఒక్కటే మిగిలింది. యజమాని ఇంజిన్ మూత ఎత్తి చెయ్యి పెట్టబోయాడు. వేలు తగిలీ తగలకముందే వెనక్కి లాక్కుని, రెండో చేత్తో పట్టుకుని కూర్చున్నాడు.

డ్రైవరు నీళ్లు లోపలికి పీల్చుకునే గొట్టం దగ్గరి జాలీ విప్పాడు. లోపలికి చెయ్యి పెట్టి లాగాడు. మెత్తబడ్డ ప్లాస్టిక్ సంచీ ఒకటి, మూరెడు పొడుగు, బయటికి వచ్చింది. దాన్ని పిండి, మడిచి, సీటు కింద పెట్టాడు. మళ్లీ నీళ్లలో వేయలేదు.

"ఇంకో పది నిమిషాలు నడిస్తే?" అన్నాడు యజమాని. నన్ను అడిగాడో ఆయన్ను అడిగాడో తెలియదు.

"ఇంజిన్ జామై పట్టేస్తుండె సార్," అన్నాడు డ్రైవరు. "గీడనే, నడిమిట్ల. మంది ఉంటే కష్టమైతుండె."

నాకు గర్వంగా ఉందా అంటే, ఉంది. దాచుకోవడానికి నేనేమీ పెద్ద చదువులు చదవలేదు. ఆ బజర్ బుధవారం నాడు నా కత్తెర కింద ఉంది. నేను కత్తిరించి ఉంటే ఆదివారం అది కూసేది కాదు. అయితే నాది సగమే. కత్తిరించమంటే ఒప్పుకోక, పని పోయినా సరే అన్న మనిషి దగ్గరికి నేను తర్వాత వచ్చి చేరాను. కూత నిజమా అబద్ధమా అని నేను మల్టీమీటరు పెట్టి చూసుకుంటుంటే, ఆయన ధార చూసి తేల్చేశాడు.

యజమాని జేబులోంచి ఫోను తీశాడు. సిగ్నలు కోసం బోటు ముందు కొసకు నడిచాడు. గాలికి మాటలు మాదాకా వచ్చాయి.

"నమస్కారమండి. రేపు మీరు రానక్కర్లేదండి. అబ్బే, మీ గురించి కాదు. ఇక్కడున్నాయనకి ఎప్పుడు ఆపాలో తెలుసు. నాకే తెలీలేదు. అదీ సంగతి. ఉంటానండి."

డ్రైవరు విననట్టే జాలీ కడుగుతున్నాడు. ఒకసారి కడిగినదాన్నే నాలుగోసారి కడిగాడు. నేను ఆయన వంక చూసి కనుబొమలు ఎగరేశాను. తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు, చెమట పట్టినట్టు.

యజమాని వెనక్కి వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. "ఎంతసేపు ఆగాలంటావయ్యా?" అన్నాడు. బుధవారం నుంచి ఆయన నోట ఆ మనిషిని ఉద్దేశించి అయ్యా అనే మాట వినడం అదే మొదటిసారి.

"చల్లవడాలె సార్. అరగంట."

"సరే. నువ్వెంతంటే అంత."

నీళ్ల నడుమ ముగ్గురం అరగంట కూర్చున్నాం. అంతసేపట్లో యజమాని ఒక్కసారి కూడా గడియారం చూసుకోలేదు. కాలిన వేలు నీళ్లలో పెట్టుకుని, ఆ మూడుసార్లు ఆపినప్పుడు ఏం చూశావు, ఎట్లా చూశావు అని ఒక్కొక్కటే అడిగాడు. డ్రైవరు ఒక్కొక్కటే చెప్పాడు. ముందు ఒక్కో మాటతో, తర్వాత చేతులు తిప్పుతూ.

చివరికి డ్రైవరు లేచి ఇంజిన్ మీద అరచెయ్యి ఆనించి చూసి, నా వైపు తిరిగాడు.

"చెల్లె, తాళం నువ్వు తిప్పు."

తిప్పాను. ఇంజిన్ అందుకుంది. ముగ్గురం ఒకేసారి వెనక్కి వంగి పొగగొట్టం వంక చూశాం. ధార లావుగా, తెల్లగా నీళ్ల మీద పడింది.